నేత విభాగం తలుపు: బొంబాయి మిల్లు సమ్మెల్లో కూలి, కులం, జీవన వేతనం

భారత కార్మికోద్యమ చరిత్రను బొంబాయి బట్టల మిల్లులను పక్కనపెట్టి ఎవరూ రాయలేరు. తొలి సంఘాలు, నెలల తరబడి సాగిన సమ్మెలు, చివరికి ఒక పరిశ్రమే మాయమైపోవడం అక్కడే జరిగాయి. కానీ ఆ చరిత్రలో దళిత కార్మికుల పాత్ర చాలా పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టేస్తారు. మిల్లులో ఎవరికి ఏ పని, ఆ పనికి ఎంత కూలి, ఎవరు పర్మినెంట్, ఎవరు బదిలీ అన్నవి మొదటి నుంచీ కులంతో ముడిపడిన ప్రశ్నలే. ఆ ప్రశ్నలు ఎలా మొదలయ్యాయో, చట్టంలోకి ఎంతవరకు వచ్చాయో, మిల్లులు పోయాక ఏమయ్యాయో ఈ వ్యాసంలో వరుసగా చెబుతున్నాం. కనీస వేతనం, జీవన వేతనం అనే మాటలకు చట్టపరంగా ఉన్న తేడాను కూడా వివరిస్తున్నాం. కాంట్రాక్టు పనుల్లో ఉన్న మనవాళ్లకు ఇవాళ అన్నిటికన్నా అవసరమైన సమాచారం ఇదే.

పల్లె వెట్టి నుంచి నెల జీతానికి

బొంబాయిలో తొలి నూలు మిల్లుకు 1854లో కావస్‌జీ దావర్ పునాది వేశాడు. ఆ తర్వాత అర్ధ శతాబ్దంలో పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతమంతా మిల్లుల పొగగొట్టాలతో నిండిపోయింది. మరాఠీలో మిల్లును గిర్ణీ అంటారు. తెలంగాణలో పిండి గిర్ని, బియ్యం గిర్ని అనే మాట ఇదే. ఆ ప్రాంతానికి గిరణ్‌గావ్, అంటే గిర్నీల ఊరు అని పేరొచ్చింది.

కొంకణ్ నుంచి, సతారా నుంచి, ఉత్తర భారతం నుంచి జనం వచ్చారు. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచీ వచ్చారు. కామాఠీపురా అనే పేటకు ఆ పేరు వచ్చింది ఇళ్లూ రోడ్లూ కట్టిన తెలుగు కూలీల వల్లే. వాళ్లను అక్కడ కామాఠీలు అనేవారు. తెలంగాణ పద్మశాలీలు మిల్లుల్లో, తర్వాత భివండి, షోలాపూర్ మగ్గాల మీద పనికి కుదిరారు.

దళితులకు మిల్లు జీతం అంటే కూలి మాత్రమే కాదు. పల్లెలో మహార్లు చేసే పనికి వతన్ పేరుతో కాస్త భూమి, ఇంటింటా అడుక్కునే గింజలు తప్ప లెక్కగట్టిన కూలి లేదు. మన దగ్గర వెట్టి, పాలేరుతనం ఎలాగో అక్కడ అది అలాగ. మిల్లు గేటు దాటితే నెలకింత అని చేతికి డబ్బు వచ్చేది. ఆ డబ్బుతో పిల్లల్ని బడికి పంపొచ్చు, పల్లెలో పెద్దకులం మాటకు ఎదురు చెప్పొచ్చు. పల్లె వదలండి, పట్నం వెళ్లండి అని అంబేద్కర్ చెప్పడం వెనుక ఉన్న లెక్క ఇదే.

కార్మిక సంఘానికి పునాది వేసింది కూడా కుల వ్యతిరేక ఉద్యమమే. జోతిరావు ఫూలే సహచరుడు, సత్యశోధక్ సమాజ్ కార్యకర్త నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి, పనివేళలు, వారపు సెలవు కోసం వినతిపత్రం పెట్టించాడు. 1890లో ఆదివారం సెలవు సాధించాడు. ఇవాళ మనం మామూలుగా అనుభవించే ఆదివారం సెలవు అలా వచ్చిందే.

నాడె, దారం, ఎంగిలి

మిల్లు గేటు దాటినంత మాత్రాన కులం బయట ఆగిపోలేదు. పనిలోకి తీసుకునేది జాబర్. అతను తన ఊరివాళ్లను, తన కులంవాళ్లను తెచ్చుకునేవాడు. దళితులకు ఎక్కువగా దొరికింది వడుకు విభాగంలోని రింగ్ ఫ్రేముల పని, తూడ్చే పని, మోసే పని. మంచి కూలి వచ్చే నేత విభాగంలోకి వాళ్లను రానిచ్చేవారు కాదు.

దానికి చెప్పిన కారణం ఎంగిలి. మగ్గం మీద కండె అయిపోతే నేతగాడు కొత్త కండెను నాడెలో పెట్టి, దారం కొసను నాడె కన్నంలోంచి నోటితో పీల్చి బయటికి తీయాలి. ఒక నాడె చాలామంది చేతులు, చాలామంది నోళ్లు మారుతుంది. అంటరానివాడి నోరు తగిలిన నాడెను మేం ఎలా ముట్టుకుంటాం అన్నారు తోటి కార్మికులు. కార్మికులు ఒప్పుకోరు, మేమేం చేస్తాం అన్నారు యజమానులు.

ఈ వాదనలో ఒక మోసం ఉంది. నోటితో దారం పీల్చడం నేతగాళ్లందరి ఆరోగ్యానికీ హాని అని అప్పటికే తెలుసు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1911లోనే ఆ పద్ధతిని చట్టంతో నిషేధించింది. చేత్తో దారం ఎక్కించే నాడెలు ఉన్నాయి. యజమానులు నాడెలు మార్చి ఉంటే ఎంగిలి వాదన నిలిచేది కాదు, కార్మికుల ఊపిరితిత్తులూ బాగుపడేవి. నాడె మార్చడం కన్నా మనిషిని బయట ఉంచడం వాళ్లకు చౌకగా అనిపించింది.

1928: సమ్మె డిమాండ్లలోకి కులం

1928 ఏప్రిల్‌లో మొదలైన సార్వత్రిక సమ్మె అక్టోబర్ దాకా, దాదాపు ఆరు నెలలు సాగింది. సుమారు లక్షన్నర మంది పనిలోకి వెళ్లలేదు. ఒక్కో కార్మికుడికి ఎక్కువ యంత్రాలు అప్పగించే పథకాలు, కూలి కోతలు సమ్మెకు కారణాలు. ఎర్రజెండా సంఘంగా పేరుపడ్డ గిర్ణీ కామ్‌గార్ యూనియన్ ఈ సమ్మెలోనే పుట్టింది.

అంబేద్కర్ ఆ సమయంలో సమ్మె నాయకుల ముందు ఒక షరతు పెట్టారు. నేత విభాగంలో దళితులకు పని హక్కు ఉండాలని సమ్మె డిమాండ్లలో చేర్చాలి, లేకపోతే సమ్మెలో పాల్గొనవద్దని మా వాళ్లకు చెబుతాను అన్నారు. నాయకులు ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు. సమ్మె తర్వాత వేసిన ఫాసెట్ కమిటీ ముందు యజమానులు ఈ అన్యాయం తమ వల్ల జరిగింది కాదని తప్పించుకున్నారు. నేత విభాగం తలుపు వెంటనే తెరుచుకోలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అందులో దళితులు అరుదుగానే కనిపించారు. అయినా ఒక కార్మిక సంఘం తన సొంత సభ్యుల కుల వివక్షను డిమాండ్ల పత్రంలో పెట్టాల్సి రావడం పెద్ద మలుపే.

1929లో మళ్లీ సార్వత్రిక సమ్మె పిలుపు వచ్చినప్పుడు అంబేద్కర్ దాన్ని వ్యతిరేకించారు. ఆరు నెలల సమ్మె తర్వాత అప్పులపాలైన కుటుంబాలను మళ్లీ పస్తులకు నెట్టడం తగదన్నది ఆయన వాదన. దీన్ని పట్టుకుని ఆయన్ను కార్మిక వ్యతిరేకి అన్నవాళ్లు ఉన్నారు. తర్వాతి పదేళ్ల చరిత్ర చూస్తే ఆ మాట నిలబడదు.

1938: ఇద్దరు శత్రువులు, ఒక్కరోజు సమ్మె

1936లో అంబేద్కర్ ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన దళిత రైల్వే కార్మికుల సభలో, కార్మికులకు ఇద్దరు శత్రువులున్నారని, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానమని చెప్పారు. బ్రాహ్మణవాదం అంటే ఒక కులంవాళ్ల పలుకుబడి అనే అర్థంలో తాను అనడం లేదనీ, స్వేచ్ఛను, సమానత్వాన్ని, సోదరభావాన్ని కాదనే ధోరణి అనీ, అది కార్మికుల్లోనూ ఉందనీ వివరించారు. రైల్వేలో దళితుడు గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోవడం, వర్క్‌షాపుల్లోకి రాలేకపోవడం ఆయన చూపిన ఉదాహరణలు.

అదే ఏడాది బొంబాయి కాంగ్రెస్ ప్రభుత్వం పారిశ్రామిక వివాదాల బిల్లు తెచ్చింది. సంప్రదింపుల గడువు ముగియకుండా సమ్మె చేస్తే నేరం అన్నది దాని సారం. ఇష్టం లేని పనిని మనిషి చేత బలవంతంగా చేయించడం బానిసత్వమే అవుతుందని, సమ్మె హక్కు అంటే స్వేచ్ఛకు మరో పేరని అంబేద్కర్ శాసనసభలో వాదించారు. 1938 నవంబర్ 7న ఆయన పార్టీ, కమ్యూనిస్టులు, ఇతర సంఘాలు కలిసి ఒక్కరోజు సమ్మె చేశాయి. నీలి జెండా, ఎర్ర జెండా ఒకే వేదిక మీదికి వచ్చిన అరుదైన రోజు అది. బిల్లు ఆగలేదు, చట్టమైంది. 1946లో దాని స్థానంలో బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం వచ్చింది. 1982లో కార్మికులు రద్దు చేయమని అడిగింది ఈ చట్టాన్నే.

చట్టంలోకి వచ్చిన కూలి

1942 నుంచి 1946 దాకా అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. ఇప్పటి మాటల్లో కేంద్ర కార్మిక మంత్రి. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించిన సవరణ 1946లో వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కనీస వేతనాల బిల్లును కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టారు. అది 1948లో చట్టమైంది.

రాజ్యాంగం ఇంకో అడుగు వేసింది. 43వ అధికరణం ప్రకారం కార్మికులందరికీ జీవన వేతనం, మర్యాదగా బతికే పని పరిస్థితులు కల్పించడానికి రాజ్యం ప్రయత్నించాలి. పొలం పనివాళ్లు కూడా ఇందులోకి వస్తారు. 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది. 43వది ఆదేశిక సూత్రం, కోర్టులో నేరుగా అమలు చేయించలేం. 23వది ప్రాథమిక హక్కు.

ఈ రెంటినీ కలిపే తీర్పు 1982 సెప్టెంబర్‌లో వచ్చింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని చెప్పింది. ఆకలి మనిషి చేత పని చేయిస్తే అదీ బలవంతమే అన్నది కోర్టు తర్కం. కనీస వేతనం ఎగ్గొట్టడం లెక్కల్లో పొరపాటు కాదు, ప్రాథమిక హక్కు ఉల్లంఘన.

మూడు మెట్లు: కనీస, న్యాయ, జీవన వేతనాలు

ఈ మూడింటినీ కలిపి మాట్లాడటం మన సభల్లో కూడా జరుగుతుంటుంది. 1948లో వేసిన న్యాయ వేతనాల కమిటీ వీటిని విడదీసింది.

కనీస వేతనం అట్టడుగు మెట్టు. ప్రాణం నిలబెట్టడంతో పాటు పని చేసే సత్తువ ఉండేలా చూడాలి. పరిశ్రమకు లాభం ఉందా, నష్టం ఉందా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. కనీస వేతనం ఇవ్వలేని పరిశ్రమకు బతికే హక్కే లేదని సుప్రీంకోర్టు 1950ల్లోనే క్రౌన్ అల్యూమినియం కేసులో చెప్పింది.

జీవన వేతనం పై మెట్టు. తిండి, బట్ట, ఇల్లుతో పాటు పిల్లల చదువు, జబ్బు చేస్తే వైద్యం, సామాజిక అవసరాలు, ముసలితనానికి భద్రత, కాస్తంత సుఖం కూడా ఇందులో ఉంటాయి. న్యాయ వేతనం ఈ రెండు మెట్ల మధ్య ఉంటుంది. పరిశ్రమకు ఎంత ఇచ్చే శక్తి ఉందన్నది అక్కడ చూస్తారు.

కనీస వేతనాన్ని ఎలా లెక్కగట్టాలో 1957లో 15వ భారత కార్మిక మహాసభ సూత్రం ఇచ్చింది. ఆ సూత్రం ఇలా ఉంటుంది:

- కుటుంబం అంటే మూడు వినియోగ యూనిట్లు. కార్మికుడికి 1, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు ఒక్కొక్కరికి 0.6.
- ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి.
- నలుగురికి కలిపి ఏడాదికి 72 గజాల బట్ట.
- ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకంలోని కనీస అద్దె.
- వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తం కనీస వేతనంలో 20 శాతం.

1991లో రెప్టాకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు దీనికి మరో 25 శాతం కలపాలని చెప్పింది. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, పెళ్లిళ్లు, ముసలితనం లాంటి ఖర్చుల కోసం ఆ భాగం.

ఈ సూత్రంలో తల్లిదండ్రులకు చోటు లేదు. దళిత కుటుంబంలో ముసలి తల్లిదండ్రులకు పొలమో, పింఛనో, అద్దె వచ్చే ఇల్లో ఉండటం తక్కువ. వాళ్ల పోషణ కూడా అదే కూలి మీద పడుతుంది. 2019లో అనూప్ సత్పతి నేతృత్వంలోని నిపుణుల కమిటీ కుటుంబాన్ని 3.6 యూనిట్లుగా లెక్కించింది. కేలరీలను 2,400కు తగ్గించి, మాంసకృత్తులు, కొవ్వు పదార్థాలకు కొలతలు చేర్చింది. 2018 జూలై ధరల ప్రకారం జాతీయ కనీస వేతనం రోజుకు 375 రూపాయలు, నెలకు 9,750 ఉండాలని చెప్పింది. అదే 2019లో కేంద్రం ప్రకటించిన జాతీయ కనీస స్థాయి రోజుకు 178 రూపాయలు. 26 రోజుల లెక్కన నెలకు 4,628. ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పినదానిలో అది సగం కూడా కాదు. జీవన వేతనం మాట అటుంచితే, కింది మెట్టు దగ్గరే ఇంత తేడా ఉంది.

1982: ముగింపు ప్రకటించని సమ్మె

1982 జనవరి 18న బొంబాయిలోని అరవై దాకా మిల్లుల్లో రెండున్నర లక్షల మంది కార్మికులు డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మెకు దిగారు. కూలి పెంపు, ఇంటి అద్దె భత్యం, బదిలీ కార్మికుల పర్మినెంట్, పారిశ్రామిక సంబంధాల చట్టం రద్దు వాళ్లు అడిగినవాటిలో ముఖ్యమైనవి.

బదిలీ అనే మాట సింగరేణి గురించి తెలిసినవాళ్లకు కొత్త కాదు. పర్మినెంట్ కార్మికుడు రానిరోజున అతని బదులు పనికి ఎక్కేవాడు బదిలీ. రోజూ గేటు దగ్గరికి రావాలి, పని ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఇంటికి. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయినవాళ్లు వేలమంది. జాబర్ దయ మీద, చుట్టరికం మీద పని దొరికే చోట వెనక నిలబడేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం గుర్తింపు పొందిన ఒకే ఒక్క సంఘానికి యజమానులతో మాట్లాడే హక్కు ఉండేది. అది కాంగ్రెస్ అనుబంధ రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్. కార్మికులు దాన్ని వదిలేసి వచ్చినా చట్టం దృష్టిలో వాళ్ల ప్రతినిధి అదే. దాంతో దత్తా సామంత్‌తో ప్రభుత్వం మాట్లాడలేదు, సమ్మె చట్టవిరుద్ధమైంది. 1938లో అంబేద్కర్ హెచ్చరించిన ప్రమాదం నలభై నాలుగేళ్ల తర్వాత ఇలా ఎదురైంది.

కార్మికులు నెలల తరబడి తట్టుకున్నారు. చాలామంది ఊళ్లకు వెళ్లి పొలం మీద బతికారు. ఊళ్లో పొలం ఉన్నవాడికి అది ఆసరా. ఊళ్లో ఏమీ లేని దళిత కార్మికుడు, ఏ ఊరినైతే వదిలి వచ్చాడో ఆ ఊరికి కూలికి తిరిగి పోవాల్సి వచ్చింది. సమ్మెలో అందరూ ఒకేలా నష్టపోరు. ఎవరి వెనుక ఎంత భూమి ఉందో అన్నదాన్ని బట్టి ఎవరు ఎన్నాళ్లు నిలబడగలరో తేలుతుంది.

సమ్మెను ఎవరూ అధికారికంగా విరమించలేదు. అది మెల్లగా చెదిరిపోయింది. లక్ష మందికి పైగా తిరిగి పని దొరకలేదు. 1983 అక్టోబర్‌లో కేంద్రం 13 మిల్లుల నిర్వహణను తీసుకుంది. దత్తా సామంత్ 1984లో లోక్‌సభకు గెలిచారు. 1997 జనవరి 16న ఆయన్ను కాల్చి చంపారు.

మగ్గం ఎటు పోయింది

సమ్మె వల్లే మిల్లులు మూతపడ్డాయని చాలామంది చెబుతారు. అది సగం నిజం కూడా కాదు. యజమానులు యంత్రాలు మార్చడానికి డబ్బు పెట్టడం అప్పటికే తగ్గించారు. బట్ట నేయడం భివండి, మాలెగావ్, ఇచల్‌కరంజి మరమగ్గాలకు ముందే తరలుతోంది. సమ్మె కాలంలో మిల్లు ముద్రతో అమ్మిన బట్టలో కొంత ఆ మగ్గాల మీదే నేశారు. 1985 జౌళి విధానం ఈ దారిని ఇంకా వెడల్పు చేసింది.

మిల్లులో గంటలకు లెక్క ఉంది, ప్రావిడెంట్ ఫండ్ ఉంది, సంఘం ఉంది. మరమగ్గాల షెడ్డులో నాలుగు మగ్గాలు ఒకరి పేరున, నాలుగు ఇంకొకరి పేరున చూపిస్తే ఫ్యాక్టరీల చట్టమే వర్తించదు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరుకు ఇంత అని కూలి. భివండిలో ఆ షెడ్లలో పని చేసినవాళ్లలో తెలంగాణ వాళ్లు చాలామంది. సిరిసిల్లకు సాంచెలు వచ్చిన కథ కూడా ఈ వలసలతో కలిసిందే. అక్కడ అప్పుల భారంతో జరిగిన నేతన్నల ఆత్మహత్యలు మనకు తెలిసినవే. బట్ట తయారీ ఆగలేదు. చట్టం ఉన్న చోటు నుంచి చట్టం లేని చోటికి మారింది.

దేశమంతటా జరిగింది ఇదే. 2011 జాతీయ తయారీ విధానం, జీడీపీలో తయారీ రంగం వాటాను 2022కల్లా 25 శాతానికి పెంచుతామని, పదికోట్ల ఉద్యోగాలు తెస్తామని చెప్పింది. గడువు దాటినా వాటా ఆ దరిదాపుల్లోకి రాలేదు. పల్లె వదిలిన దళిత యువకుడికి ఒకప్పుడు మిల్లు గేటు ఎదురయ్యేది. ఇప్పుడు ఎదురయ్యేది అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ గది, సరుకు చేరవేసే బైకు, మున్సిపాలిటీ చెత్త బండి.

పోయిన మిల్లు, మిగిలిన భూమి

బొంబాయి మిల్లుల కింద సుమారు 600 ఎకరాల నేల ఉండేది. అందులో చాలా భాగం ప్రభుత్వం నామమాత్రపు ధరకు లీజుకు ఇచ్చింది. 1991 నిబంధన ప్రకారం మిల్లు భూమిని మూడు వాటాలు చేయాలి. ఒకటి బహిరంగ స్థలానికి, ఒకటి ప్రజా గృహాలకు, ఒకటి యజమానికి. 2001 సవరణ ఆ పంపకాన్ని కట్టడాలు లేని ఖాళీ స్థలానికే పరిమితం చేసింది. ప్రజల వాటా కుంచించుకుపోయింది. బొంబాయి హైకోర్టు దీన్ని తప్పుపట్టినా, 2006 మార్చిలో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది. ఇవాళ లోయర్ పరేల్‌లో మాల్స్, కార్యాలయాల టవర్లు నిలబడింది ఆ నేల మీదే.

దాదర్ చైత్యభూమి పక్కనున్న ఇందూ మిల్లు భూమి కథ మాత్రం వేరుగా నడిచింది. దళిత సంఘాల పోరాటం తర్వాత ఆ పన్నెండున్నర ఎకరాలను అంబేద్కర్ స్మారకానికి ఇస్తామని కేంద్రం 2012లో ప్రకటించింది. 2015లో శంకుస్థాపన జరిగింది. మిల్లు భూమిలో కొంతైనా దళితుల చేతికి వచ్చిందని సంతోషించొచ్చు. కానీ బాబాసాహెబ్ 1928లో అడిగింది మిల్లులో పని, ఆ పనికి సమాన కూలి. ఆ లెక్క ఇంకా తేలలేదు.

తెలుగు నేలలో

వరంగల్ ఆజంజాహీ మిల్లు 1934లో మొదలైంది. తర్వాత జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది, చివరికి మూతపడింది. స్థలం ప్లాట్లుగా అమ్ముడైంది. బోధన్ నిజాం షుగర్స్ 2015లో లేఆఫ్‌తో ఆగింది. భీమిలి దగ్గర చిట్టివలస జూట్ మిల్లు 2009లో లాకౌట్ అయింది.

ప్రభుత్వరంగ ఫ్యాక్టరీ మూతపడితే దళితులకు నష్టం రెండింతలు. ఉద్యోగంతో పాటు రిజర్వేషన్ కూడా పోతుంది. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు, కాంట్రాక్టరు దగ్గర అసలే లేదు. విశాఖ ఉక్కు అమ్మకానికి కేంద్రం 2021 జనవరిలో సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు దళిత సంఘాలు రోడ్డెక్కడానికి కారణం ఇదే. 2025 జనవరిలో 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించారు. అయినా గేటు లోపల పర్మినెంట్ ఎందరు, కాంట్రాక్టు ఎందరు అన్న ప్రశ్న మనం అడుగుతూనే ఉండాలి.

సమ్మె కాలం ముగిసిందనే మాట నిజం కాదు. 2015 జూలైలో హైదరాబాద్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేస్తే జీతం 8,500 నుంచి 12,500కు పెరిగింది. చెత్త ఎత్తే ఆ పనిలో ఎక్కువమంది మాదిగ, మాల మహిళలే అన్నది మనందరికీ తెలుసు. 2016 ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్ మహిళలు ఏ పెద్ద సంఘం పిలుపూ లేకుండానే రోడ్డెక్కి, ప్రావిడెంట్ ఫండ్ తీసుకోకుండా అడ్డుపెట్టిన నిబంధనను వెనక్కి తీయించారు. ఈ రెండు చోట్లా గెలిచింది, సంఘాల లెక్కల్లో అంచున ఉన్నవాళ్లు.

ఇప్పుడు చట్టం ఏమంటోంది

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మనకు ముఖ్యమైనవి ఇవి:

- కనీస వేతనం ఇకపై షెడ్యూల్‌లో ఉన్న పనులకే కాదు, అన్ని పనులకూ వర్తిస్తుంది. కేంద్రం నిర్ణయించే ఫ్లోర్ వేతనం కన్నా ఏ రాష్ట్రమూ తక్కువ పెట్టకూడదు. ఆ ఫ్లోర్ ఎంతన్నదే అసలు ప్రశ్న.
- ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మె చేస్తే చట్టవిరుద్ధం. సగం మంది ఒకేసారి సెలవు పెట్టినా సమ్మెగానే లెక్క.
- 51 శాతం సభ్యత్వం ఉన్న సంఘమే ఏకైక చర్చల సంఘం. ఏ సంఘానికీ అంత బలం లేకపోతే కనీసం 20 శాతం సభ్యత్వం ఉన్న సంఘాల ప్రతినిధులతో కౌన్సిల్ ఏర్పడుతుంది.
- మూసివేతకు, లేఆఫ్‌కు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయ్యే హద్దు 100 మంది నుంచి 300కు పెరిగింది.
- కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే హద్దు 20 మంది నుంచి 50కి పెరిగింది.

1938 బిల్లును, 1982 సమ్మెను చదివినవాళ్లకు రెండో అంశం, మూడో అంశం పాత పరిచయాల్లాగే కనిపిస్తాయి. చివరి రెండూ చిన్న షెడ్లకు, చిన్న కాంట్రాక్టర్లకు దారి తెరుస్తాయి. అక్కడ పని చేసేది ఎక్కువగా మనవాళ్లే.

చేతిలో ఉన్న ఆయుధాలూ తక్కువేం కాదు. కనీస వేతనం ఎగ్గొడితే అది 23వ అధికరణం ఉల్లంఘన అన్న 1982 తీర్పు చెల్లుతూనే ఉంది. పర్మినెంట్ ఉద్యోగితో సమానమైన పని చేసే తాత్కాలిక ఉద్యోగికి సమాన జీతం ఇవ్వాలని 2016 అక్టోబర్‌లో జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు ప్రభుత్వ తాత్కాలిక ఉద్యోగులది. మున్సిపాలిటీల్లో, ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో పని చేసేవాళ్లు తమ వాదనకు దాన్ని ఆధారం చేసుకోవచ్చు.

కూలి పెంచమని మాత్రమే అడిగే సమ్మె, పని పంపకంలో ఉన్న కులాన్ని అలాగే వదిలేస్తుంది. 1928లో అంబేద్కర్ పెట్టిన షరతు మనకు నేర్పేది అదే. కాబట్టి ఏ సంఘం డిమాండ్ల పత్రం మన ముందుకొచ్చినా మూడు ప్రశ్నలు వేద్దాం. ఇందులో కాంట్రాక్టు, పారిశుద్ధ్య కార్మికుల పేరు ఉందా? అడిగిన కూలి పిల్లల చదువుకు, ముసలి తల్లిదండ్రుల వైద్యానికి సరిపోతుందా? మంచి కూలి వచ్చే విభాగాల్లో మనవాళ్లు ఎందరున్నారు? ఈ మూడింటికీ జవాబు రాసి ఇచ్చిన సంఘం వెంట మనం నిలబడదాం. జవాబు లేకపోతే, ఆ మూడు ప్రశ్నలనూ డిమాండ్లుగా చేర్చమని అడుగుదాం.